రాతి అవ్వ నోట్లో గింజ

పళ్ల సెట్లు కట్టేవాడికి మనుషులు తెలియరు, నోళ్లే తెలుస్తాయి. డాక్టరు కొలత తీసి డబ్బాలో పెట్టి పంపిస్తాడు. డబ్బా మీద చీటీ, చీటీ మీద వయసు, ఊరు. పెద్దముడియం, అరవై రెండు. వీరపునాయునిపల్లె, డెబ్బై. అంతే. మనం ఆ కొలతలో ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాం, మైనంలో పళ్లు పేర్చి, ఉడికించి, మెరుగుపెట్టి తిప్పి పంపిస్తాం. ఆ మనిషి బజారులో ఎదురైతే గుర్తుపట్టం, నవ్వితే మాత్రం గుర్తుపడతాం. ప్రొద్దుటూరులో ముప్పై ఎనిమిదేళ్లు ఈ పని చేసి కత్తి కింద పెట్టాను. ఇప్పుడు స్కానర్లతో, కంప్యూటర్లతో ఈ పని నేర్చుకుంటున్న మీకు నా దగ్గర నేర్చుకోవలసింది పెద్దగా లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. అది మనుషులకు కట్టిన సెట్టు గురించి కాదు, ఒక బొమ్మకు చేసిన నోటి గురించి.

దానికి ముందు ఇంకో ముక్క చెప్పకపోతే మీకు నా బుద్ధి అర్థం కాదు. మా అబ్బా, అంటే మా నాన్న, రాగి బిందెలకు కళాయి పూసేవారు. స్టీలు బిందెలొచ్చి ఆ పని పోయాక నన్ను తెలిసిన డాక్టరు గారి ల్యాబులో పెట్టారు. పనిలో చేరిన నాలుగో ఏడు అనుకుంటాను, ఒక ముసలాయన అచ్చులో అంగిలి మీద ఏదో ఎత్తుగా కనిపించింది. సెట్టు ఎప్పుడిస్తారని ఆయనే ల్యాబుకు వస్తే, దీన్ని ఒకసారి డాక్టరుకు చూపించుకోమన్నాను. ఆయన హడలిపోయి, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని ఆసుపత్రికి పోయి గోల చేశాడు. తీరా చూస్తే అక్కడ ఏమీ లేదు, పుట్టుకతో వచ్చిన ఎముక. సాయంత్రం డాక్టరు ల్యాబుకు వచ్చి అందరి ముందూ అన్నాడు.

"నీ పని పండ్లు కట్టేది. నోట్లో ఏముండాదో చెప్పేది నా పని. ఇంగొకసారి ఇట్ల జేస్తే నీకీడ పనుండదు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే చిక్కు. ఆ రోజు నుంచి నేను అచ్చులు చూశాను, నోళ్లు చూడలేదు. అదొక మర్యాద అనుకున్నాను. చాలా సుఖంగా ఉండే మర్యాద అది.

రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు, నేను పని మానేయడానికి కాస్త ముందు, పులివెందుల అమ్మాయి ఒకామె ల్యాబుకు వచ్చింది. ముప్పై దాటి ఉంటుంది. బెంగళూరులో బొమ్మల సినిమాలు చేయడం నేర్చుకుని వచ్చిందట. సంచిలోంచి మూరెడు బొమ్మను తీసి నా బల్ల మీద నిలబెట్టింది. ముసలవ్వ బొమ్మ, ఒళ్లంతా గండికోట రాయి రంగు. ముక్కు కింది నుంచి గడ్డం దాకా ఖాళీ.

"దీనికి నోరు గావల్ల మామా," అంది.

"ఒకటేనా?"

"నలభై."

నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది. బొమ్మను వెంట్రుకవాసి కదిలించడం, ఒక ఫోటో తీయడం, మళ్లీ కదిలించడం, మళ్లీ ఫోటో. సెకనుకు పన్నెండు ఫోటోలు. అన్నీ కలిపి వేగంగా చూపిస్తే బొమ్మ నడుస్తుంది, తల తిప్పుతుంది. మాట్లాడాలంటే మాత్రం 'ఆ' అనే నోరు వేరు, 'ఊ' అనే నోరు వేరు, 'మ' అని మూసే నోరు వేరు. ఒక్కోటి తీసి ఒక్కోటి తగిలించాలి. వెనకాల చిన్న అయస్కాంతం ముక్క ఉంటే చాలు, టక్కున అంటుకుంటుంది. బొటనవేలి గోరంత నోట్లో పళ్లు కనిపించాలి, అందుకే నా దగ్గరికి వచ్చింది.

సినిమా ఒక పిల్లల పుస్తకం ఆధారంగా తీస్తోంది. పులివెందుల బడిలో తనకు తెలుగు చెప్పిన టీచరు రాసిన పుస్తకం అది. కథ చెబుతాను, చిన్నదే. గండికోట లోయలో పెన్న పారుతూనే ఉంటుంది గానీ ఉన్నట్టుండి ఏటికి చప్పుడు పోతుంది. మేకలు కాసుకునే పిల్ల ఒకతి ఆ చప్పుడును వెతుక్కుంటూ లోయలోకి దిగుతుంది. అక్కడ రాతిగోడలో ఒక అవ్వ ఉంటుంది. ఎవరూ తనను వినడం లేదని అలిగి, ఏటి చప్పుడంతా నోట్లో పెట్టుకుని మూసేసింది ఆమే. పిల్ల ఆ అవ్వతో మాటలు కలిపి, అలక తీర్చి, చివరికి నోరు తెరిపించాలి.

అవ్వకు గొంతు ఇచ్చేది ఆ టీచరే. డైరెక్టరమ్మకు, అంటే ఆ పులివెందుల అమ్మాయికి, ఇంకో పట్టుదల కూడా ఉంది. అవ్వ నోరు కూడా టీచరు నోరే కావాలంది. అవే ఎర్రబడిన పళ్లు, ముందు పళ్ల మధ్య అదే సందు, అదే పెదవి వంపు. అంటే ముందు టీచరు నోటి కొలత తీయాలి. బొమ్మ కోసం కొలత తీయమంటే ఏ డాక్టరు వస్తాడు? నేనే పోయాను. ఇన్నేళ్ల పనిలో నా చేతులతో ఒక మనిషి నోట్లో కొలత తీయడం అదే మొదలు.

టీచరమ్మది జమ్మలమడుగు. రిటైరై ఒక్కతే ఉండేది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నేను వచ్చేసరికి బుగ్గన వక్కాకు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎప్పుడూ ఎడమ బుగ్గనే. అది ఉమ్మేసి నోరు పుక్కిలించి వచ్చింది.

"నోరు తెరువు టీచరమ్మా," అన్నాను.

"ముప్పై ఏండ్లు పిల్లోల్లను నోరు మూసుకోమని జెప్పినా. ముసలితనంలో నన్ను తెరవమంటాండావా," అంది.

గులాబీ రంగు ముద్దను పళ్లెంలో నింపి కింది పళ్ల మీద ఒత్తి పట్టుకున్నాను. ఆమె కళ్లతోనే నవ్వుతూ ఉంది. ఆ తర్వాత ఒక్కో అక్షరం పలుకుతుంటే పెదవులు కొలిచి రాసుకున్నాను. 'ఱ' ఎందుకు తీసుకోలేదని అడిగి, అది మరిచిపోయినవాళ్లను ఏకరువు పెట్టింది. అంత హాయిగా గడిచిన పూట నా పనిలో ఇంకోటి లేదు.

ల్యాబుకు వచ్చి ప్లాస్టర్ పోశాను. అచ్చు విప్పితే కింది పళ్ల ఎడమవైపు, చిగురుకూ బుగ్గకూ మధ్య, జొన్నగింజంత బుడిపె ఉంది. మన పనిలో ఇది రోజూ ఉండేదే. కొలత ముద్దలో గాలి బుడగ చిక్కుకుంటే ఆ గుంతలోకి ప్లాస్టర్ దిగి అచ్చు మీద గింజలా లేస్తుంది. కత్తితో గీకేస్తాం. నేనూ గీకేశాను. గీకానని గుర్తు కూడా లేకుండా గీకాను.

మర్నాడో ఆ మర్నాడో అచ్చు తీసుకుపోయి టీచరమ్మకు చూపించాను. తన పళ్లు తానే చేతిలో పెట్టుకుని చూడటం ఎవరికైనా వింతే. ఆమె మాత్రం ముందు పళ్ల సందును చూడలేదు. అచ్చును తిప్పి ఎడమవైపు బొటనవేలితో నిమిరింది. మళ్లీ నిమిరింది.

"నున్నగా ఉండాదే," అంది.

"నున్నగా లేకుంటే మా పనెందుకు టీచరమ్మా," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. ఆమె అచ్చు తిరిగిచ్చి, లోపలికి పోయి టీ పెట్టుకొచ్చింది.

రెండో కొలత రెండు నెలల తర్వాత. నోరు ఇంకా పెద్దగా తెరిచినట్టు కావాలని డైరెక్టరమ్మ అడిగింది. అచ్చు విప్పాను. బుడిపె అక్కడే ఉంది, ఈసారి శనగగింజంత. గాలి బుడగ రెండుసార్లు ఒకేచోట రాదు. ఈ సంగతి పనిలో చేరిన మొదటి ఏడాదే తెలుస్తుంది. నా కత్తి ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను గానీ, ఆగిందన్నది నిజం. ఆ ఆగడం గురించే నేను ఇదంతా రాస్తున్నాను.

వక్కాకు నోరు, ఒరుసుకుని కాయ కట్టి ఉంటుంది అనుకున్నాను. నేను డాక్టరును కాను అనుకున్నాను. అప్పుడెప్పుడో హడలిపోయిన ముసలాయన, నా ముఖాన వేలు చూపిస్తున్న డాక్టరు గుర్తొచ్చారు. ఈ వయసులో మళ్లీ ఆ మాట పడటం ఎందుకు అనుకున్నాను. అచ్చు శుభ్రంగా ఉండాలి కదా అని కూడా అనుకున్నాను. గీకేశాను. ఆమెకు చూపించాను. ఆమె మళ్లీ అక్కడే నిమిరి, ఏమీ అనకుండా ఇచ్చేసింది.

మూడోసారి వేరే కారణం. షూటింగ్ మొదలుపెట్టాక నాలుగైదు నోళ్లు విరిగాయి, పాత అచ్చు అరిగిపోయింది. ఈసారి పళ్లెం ఆమె నోట్లోకి సరిగా పోలేదు. రెండు వేళ్లకు మించి నోరు తెరుచుకోవడం లేదు. ముద్ద బయటికి తీస్తే అంచున నెత్తురు.

"నొస్తాందా టీచరమ్మా?"

"శానా దినాల్నుంచి వక్కాకు యేసే నోరు. యాడో గీసుకోనుంటాది లేప్పా."

సరేనన్నాను. వాకిట్లో కొళాయి కింద పళ్లెం కడుక్కున్నాను. ల్యాబుకు వచ్చి అచ్చు విప్పితే చింతగింజంత ఉంది. దాన్నీ గీకాను. చేతికి అలవాటు అని చెప్పుకోవచ్చు గానీ, అప్పటికి అలవాటు కాదది, భయం. దాన్ని అలా ఉంచితే రోజూ చూడాలి.

ఇక ఆ రోజు సంగతి. షూటింగ్ జమ్మలమడుగులోనే, మూతబడిన బట్టల గోడౌనులో. ఒక మూల గోడలకు పరుపులు కట్టి గొంతు రికార్డు చేసుకునే చోటు చేశారు. అవ్వ మాటలన్నీ ముందే రికార్డయ్యాయి. చివరి మాటలు మాత్రం డైరెక్టరమ్మ మళ్లీ రాయించుకుంది. వాటి కోసం టీచరమ్మ వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. మైకు ముందు కూర్చుని కాగితం చదివింది.

మాట ముద్దగా వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు ఒత్తులు, దీర్ఘాలు దిద్దిన నోట్లో 'ర' తిరగడం లేదు.

"టీచర్, ఇంగొకసారి చెప్పండి," అంది డైరెక్టరమ్మ.

చెప్పింది. ఇంకోసారి. నాలుగోసారి ఆమె సగంలో ఆపేసి కాగితం ఒళ్లో పెట్టుకుంది. "నాలిక తిరగల్యా పాపా," అంది. పాఠం రాని పిల్ల ముఖం పెట్టినట్టు పెట్టింది. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

డైరెక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. "ఏమైంది మామా టీచర్‌కు? నోటి సంగతి నీకు తెలుస్తాది గదా."

"డాక్టరుకు చూపియ్యల్ల. ఈ పొద్దే."

"నీకెప్పుడు తెలిసె?"

"ఇప్పుడే," అన్నాను.

మధ్యాహ్నానికల్లా ప్రొద్దుటూరు తీసుకుపోయాం. మా డాక్టరు గారే, అప్పుడు నన్ను తిట్టిన ఆయనే. ఆయనా ముసలివాడైపోయాడు, చేతులు వణుకుతున్నాయని పళ్లు పీకడం మానేసి, చూసి చెప్పడం వరకే చేస్తున్నాడు. టార్చి వేసి చూసి, ఆమెతో ఏమీ అనకుండా పెద్ద ఊరి ఆసుపత్రికి చీటీ రాశాడు. డైరెక్టరమ్మ ఆమెను బయట కూర్చోబెట్టింది. నన్ను ఉండమన్నాడు.

"ఈ నోటి పాత అచ్చులుండాయా నీ దగ్గర? ఎన్నాళ్లదో తెలుస్తాది."

ల్యాబు నుంచి మూడూ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు సర్దుకుని ఒక్కోటీ చూశాడు. చూపు ఆనలేదేమో, వేలితో తడిమాడు. వేలు ఆగింది.

"ఈడ గీకినావా?"

"గాలి బుడగ అనుకున్న్యా సార్."

"మూడిట్లోనా?"

నేను తలూపాను. ఆయన అచ్చులను ఒక్కోటీ తిరిగి బల్ల మీద పెట్టాడు. చివరికి మెల్లగా, "నాకొక్క మాట జెప్పింటే ఏమప్పా," అన్నాడు. పాత మాట ఆయనకు గుర్తే లేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా మోసిన మాటను ఆయన ఆ సాయంత్రమే ఇంటికి పోతూ దారిలో మరిచిపోయి ఉంటాడు. నాకు కోపం రావాలి, రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆపరేషన్‌లో ఎడమ దవడ తీసేశారు, నాలుకలో సగం తీసేశారు. ముందే వచ్చుంటే నాలుక మిగిలేదని అక్కడివాళ్లు డైరెక్టరమ్మతో అన్నారట. ఆ మాట ఆమె గోడౌనులో నాకు చెప్పింది. అప్పటికి షూటింగ్ సాగుతోంది, ఆపితే సినిమా మూలన పడుతుందని టీచరమ్మే చెయ్యి ఊపి పంపించింది. చీకటి గదిలో ఇద్దరమే. ఆ అమ్మాయి బొమ్మను కదిలిస్తుంది, నేను నోరు మారుస్తాను. నేను అప్పుడు అంతా చెప్పేశాను. జొన్నగింజ, శనగగింజ, చింతగింజ.

ఆ రోజు మిగతా సమయమంతా ఆమె నాతో మాట్లాడలేదు. మర్నాడు నేను రానేమో అనుకుంది కాబోలు, చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, "ఇరవై మూడో నెంబరు నోరు పెట్టు మామా," అంది. అంతే. పని ముగిసేదాకా నంబర్లు తప్ప మా మధ్య మాటలు లేవు. హెడ్‌ఫోనుల్లో టీచరమ్మ గొంతు వినపడుతుండేది, నేను ఆ గొంతుకు ఒక్కో నోరూ తగిలిస్తూ పోయాను. ఒక పూటంతా చేస్తే నాలుగు సెకన్ల మాట. ఇంతకంటే తగిన శిక్ష ఎవరూ వేయలేరు.

చివరి మాటలు లేవు కదా. అవ్వ ఏమీ చెప్పదు, నోరు మాత్రం తెరుస్తుంది, ఏటి చప్పుడు బయటికి వస్తుంది అని డైరెక్టరమ్మ మార్చింది. నోరే తెర నిండా కనిపించాలి. దానికి ఒక పెద్ద నోరు కొత్తగా చేయాలి. అచ్చు ముందు పెట్టుకుని మైనం మలుస్తూ ఎడమవైపుకు వచ్చేసరికి నా చేయి ముందుకు పోలేదు. ఇంకో అబద్ధపు నోరు చేయలేకపోయాను. ఆవగింజంత మైనం తీసి, ఎక్కడ గీకానో అక్కడే అంటించాను.

డైరెక్టరమ్మ కెమెరాలో చూసి, "ఏందిది మామా?" అంది.

"ఆడ ఉన్న్యాదే పెట్టినా."

ఆమె తీసేయమనలేదు. ఫోటో తీసింది.

సినిమా అయ్యాక మొదట జమ్మలమడుగు హైస్కూలు హాలులో వేశారు. మధ్యాహ్నం పూట, కిటికీలకు దుప్పట్లు కట్టి. ముందు వరసలో టీచరమ్మ, కింది ముఖానికి తెల్లని గుడ్డ కట్టుకుని, ఒళ్లో పలక పెట్టుకుని. ఆమె పక్కన నన్ను కూర్చోమన్నారు. తెర మీద రాతి అవ్వ మాట్లాడటం మొదలుపెట్టగానే పిల్లలు పకపకా నవ్వారు, టీచరమ్మ మాటల్లో ఆ విరుపు అలాంటిది. ఆమె మాత్రం తన గొంతును తలొంచుకుని విన్నది.

చివరికి అవ్వ నోరు తెరిచింది. నేను లెక్క తప్పింది అక్కడే. పనంతా గోరంత కొలతల్లో చేసేవాణ్ణి, ఆవగింజంత పెట్టాను కదా, ఎవరికి కనిపిస్తుంది అనుకున్నాను. తెర మీద అది పిడికిలంత ఉంది. ఏటి చప్పుడు హాలు నిండా వస్తోంది, పిల్లలు కేకలు వేస్తున్నారు. టీచరమ్మ తలెత్తి దాన్నే చూస్తోంది. చెయ్యి తనకు తెలియకుండానే గుడ్డ మీదికి, దవడ లేని చోటికి పోయింది.

లైట్లు వేశాక పలక మీద రాసి నా వైపు తిప్పింది. రాసేటప్పుడూ ఆమె మాట్లాడినట్టే రాస్తుంది.

"నాలిక్కు తగుల్తానే ఉన్న్యాది. నీ అచ్చులో ల్యాకపాయ. అందుకే ఏమీ లేదులే అనుకుంటి."

నేను మౌనంగా ఉండి తప్పు చేశానని అంతదాకా అనుకున్నాను. మౌనంగా లేను. అచ్చు చేతిలో పెట్టి మూడుసార్లు, కాదు, రెండుసార్లు, ఏమీ లేదని ఆమెకు చెప్పాను.

"ఉన్న్యాది టీచరమ్మా. నేనే గీకేసినా," అన్నాను.

ఆమె నన్ను చూసింది. తప్పు చేసిన పిల్లవాడిని చూసే చూపు కాదది. అలా చూసి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. చుట్టూ పిల్లలు బెంచీలు జరుపుతున్నారు. ఆమె కొంగుతో పలక తుడిచి, మళ్లీ రాయడానికి సుద్దముక్క పట్టుకుని, పెట్టేసింది.

ఆ వానాకాలం దాటి ఆమె బతకలేదు. ఈమధ్య మా పాత ల్యాబుకు పోతే, అక్కడి పిల్లలు స్కానరు చూపించారు. నోట్లో తిప్పితే చాలు, తెర మీద అచ్చు వచ్చేస్తుంది. బుడిపెలు ఉంటే కంప్యూటరే తనంతట తాను నునుపు చేసేస్తుందని సంబరంగా చెప్పారు. ఆ నునుపు చేయడం ఎక్కడ ఆపాలో చూపించమన్నాను. వాళ్లు వెతికారు, దొరకలేదు. ఉంటుంది, వెతకండి. నునుపు చేసే ముందు ఒక్కసారి ఆ నోటి మనిషిని అడగండి. డాక్టరు తిడితే తిట్టించుకోండి.

ఆ రోజు హాలులోంచి బయటికి వచ్చాక, డైరెక్టరమ్మ ఆటో ఎక్కిస్తుంటే, టీచరమ్మ నన్ను చేత్తో పిలిచింది. ఆటోలో కూర్చునే, పలక మోకాలి మీద పెట్టుకుని రాసింది. రాసింది చూపించి, ఆటోవాడి భుజం తట్టింది. ఆటో కదిలింది.

"నున్నగా ఉండాదే అని నిన్ను అడిగితి గదప్పా."

ఆమె అడిగిందని నాకు అప్పుడు తెలిసింది.